రాత్రి వంట మానేసిన కొమురవ్వ

సూరత్‌లోని లింబాయత్‌లో, రెండు మగ్గాల కార్ఖానాల మధ్య ఇరుక్కున్న సన్నటి గల్లీలో కొమురవ్వ మెస్ ఉండేది. దానికి బోర్డు లేదు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా, వసారాలో రెండు పెద్ద గ్యాస్ పొయ్యిలు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి మరమగ్గాల మీద పనికొచ్చి, పెళ్లాం పిల్లల్ని ఊళ్లోనే ఉంచిన మగవాళ్లు అక్కడ తినేవారు. గుజరాతీ హోటళ్లలో పప్పు తియ్యగా ఉంటుందని వాళ్ల బాధ. కొమురవ్వ పచ్చిపులుసులో మిరపకాయ కాల్చి నలిపేది. అది ఒకసారి తిన్నవాడు మళ్లీ ఇంకోచోటికి పోయేవాడు కాదు.

కార్ఖానాల్లో పన్నెండేసి గంటల పాళీలు రెండు. పగటి పాళీ వాళ్లు తెల్లారగానే తిని, మధ్యాహ్నానికి డబ్బా కట్టించుకుని పోతారు. వాళ్లు పోగానే రాత్రి పాళీ దిగిన వాళ్లు వచ్చి, తిని, పగటి వాళ్లు వదిలిపోయిన పరుపుల మీదే పడుకుంటారు. సాయంత్రం మళ్లీ ఇదంతా తిరగబడుతుంది. కాబట్టి కొమురవ్వ పొయ్యి చల్లారేది తక్కువ. కోడి కూయకముందే గంజు ఎక్కించేది, ఊరంతా పడుకున్నాక దించేది. నడుమ బియ్యం ఏరడం, గిన్నెలు తోమడం, కూరగాయల కోసం బజారుకు పోవడం. ఎవరైనా "జర కూసో అక్కా" అంటే నవ్వేది. "కూసుంటే లేవబుద్ధి గాదు" అనేది.

ఆమె మొగుడు లింగం ముప్పై ఏళ్లు మగ్గాల నడుమ నిలబడిన మనిషి. ఆ మోతకు మెల్లమెల్లగా చెవులు పోయాయి, ఆ తర్వాత మోకాళ్లు. ఒకరోజు మగ్గంలో పోగు తెగితే పక్కవాడు అరిచినా వినపడలేదు, గుడ్డ బారెడు పాడైంది. సేఠ్ మర్నాటి నుంచి రావద్దన్నాడు. అప్పటి నుంచి ఉల్లిగడ్డలు కోయడం, నీళ్లు పట్టడం, డబ్బాలు మోయడం లింగం పని. వాళ్లకు ఒక్కతే బిడ్డ, రుచిత. సూరత్‌లోనే పుట్టింది. చీరల మార్కెట్‌లో ఒక దుకాణంలో కంప్యూటర్ మీద పనిచేసేది. తల్లితో తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి పోయి గుజరాతీలో తేలేది.

మొదటి లాక్‌డౌన్ పెట్టిన నాడు గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మోతలోనే ఉన్న రుచితకు భయం వేసింది. లింగానికి మోత ఉన్నా లేకున్నా ఒకటే. అయినా అతనికీ తెలిసింది. కార్ఖానా గోడకు ఆనుకుని కూర్చునే అలవాటు అతనికి. ఆ రోజు గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పెళ్లాం వైపు తిరిగి, "గోడ వణుకుత లేదేందే?" అన్నాడు.

పనుల్లేక, ఊరికి పోయే దారిలేక చిక్కుకుపోయిన మగవాళ్లకు కొమురవ్వ వండుతూనే ఉంది. కులసంఘం వాళ్లు బియ్యం ఇచ్చారు, పప్పు ఇచ్చారు. చెయ్యి మాత్రం కొమురవ్వదే. ఎండలు ముదిరాక బండ్లు వదిలారు. కొందరు రైలెక్కారు, కొందరు కడోదరా దగ్గర హైవే మీద లారీలు ఆపి ఎక్కారు. పోయేటప్పుడు అందరికీ రొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టి ఇచ్చింది. ఆఖరి మనిషి పోయాక ఇల్లు బోసిపోయింది. తోమడానికి గిన్నెలు లేవు. కొమురవ్వ తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఆ రోజుల్లోనే ఆమెకు మొదటిసారి గుండె దడ వచ్చింది. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చింది కాబట్టి, పని లేకపోవడం వల్ల వచ్చిందనుకుంది.

దసరా నాటికి మగ్గాలు మళ్లీ మోగాయి. వెళ్లినవాళ్లలో సగం మందే తిరిగివచ్చారు. రానివాళ్ల మగ్గాలు కూడా వచ్చినవాళ్లకే అప్పజెప్పారు సేఠ్‌లు. పాళీలు సాగాయి. వేళకు రావాల్సిన మనిషి వేళకు రాడు. ఒకడు తినే సమయానికి ఇంకొకడు అన్నమంటాడు. గల్లీలో ఉన్న ఇంకో మెస్ మూతపడింది, ఆ మనుషులు కూడా కొమురవ్వ దగ్గరికే వచ్చారు. ఆమె ఎవరినీ కాదనలేదు. కాదనడం ఆమెకు చేతకాదు.

ఆ పై ఎండాకాలం లాక్‌డౌన్ తెచ్చిన జబ్బు మళ్లీ విరుచుకుపడింది. ఈసారి ఎవరో ఎక్కడో కాదు, మెస్‌లో నిన్న తిన్నవాడు ఇవాళ మంచం పట్టాడు. ఒక్కో గదిలో ఎనిమిదిమంది, పదిమంది ఉండే చోట ఎవరు దూరంగా ఉంటారు? జ్వరమొచ్చిన గదుల ముందు కొమురవ్వ జావ గిన్నె పెట్టి, తలుపు కొట్టి, వెనక్కి జరిగి నిలబడేది. లోపలి నుంచి చెయ్యి వచ్చి గిన్నె తీసుకునేదాకా కదిలేది కాదు. అంబులెన్సుల కూత లింగానికి తప్ప అందరికీ వినిపించేది.

ఆమె పానం అప్పటికే దారి తప్పింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. పొయ్యి మీద నూనె పెట్టి, ఎందుకు పెట్టిందో మరిచిపోయి చూస్తూ నిలబడింది. పడుకుంటే నిద్ర రాదు, కళ్లు మూస్తే ఎసరు పొంగినట్టు అనిపించి దిగ్గున లేచేది. చేతులు వణుకుతుంటే కొంగులో దాచుకునేది. చిన్న మాటకే లింగం మీద అరిచేది. అతనికి వినపడేది కాదు, ఆమె మొహం మాత్రం కనపడేది.

"మమ్మీ, జమీ లీధు? తిన్నవా అని అడుగుతున్న," అనేది రుచిత.

"తింట, తింట. ఇంతమంది తినాలె గద బిడ్డ."

ఒకనాడు డబ్బాల సంచి మోసుకుని పోతూ కొమురవ్వ గల్లీ మొగదల ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా తిరిగిన గల్లీలే. కుడివైపు పోవాలో ఎడమవైపు పోవాలో తోచలేదు. ఒళ్లంతా చెమట పట్టింది. సంచి దించి, ఎండలో రోడ్డు మీదే కూర్చుంది. పాల ప్యాకెట్లు అమ్మే మనిషి గుర్తుపట్టి రుచితకు ఫోన్ చేశాడు.

రుచిత ఆమెను దగ్గరలోని క్లినిక్‌కు తీసుకుపోయింది. గల్లీలో తిరుగుతున్న ఆ జబ్బు కాదని తేలింది. రక్తపోటు మాత్రం ఎక్కడో పైన ఉంది. డాక్టరమ్మ అలసిపోయిన మనిషి, మాస్కు అంచుల దగ్గర చర్మం ఒరుసుకుపోయి ఉంది. ఎప్పుడు లేస్తావని అడిగింది, కొమురవ్వ చెప్పింది. ఎప్పుడు పడుకుంటావంది, చెప్పింది. నడుమ ఎప్పుడు కూర్చుంటావంది. ఆ ప్రశ్న అర్థం కానట్టు కొమురవ్వ బిడ్డ వైపు చూసింది.

"గోలీ మై దేతీ హూఁ," అంది డాక్టరమ్మ మందులు రాస్తూ. "ఆరామ్ కౌన్ దేగా?"

మాత్రలు నేనిస్తాను, విశ్రాంతి ఎవరిస్తారు అని. ఇంటికొచ్చాక ఆ మాటను రుచిత తండ్రి కళ్లెదుట పెదవులు కదుపుతూ మెల్లగా చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం వంట అయిపోయింది. రాత్రి వంటకు కొమురవ్వ పప్పు కడుగుతోంది. లింగం లేచి వెళ్లి గ్యాస్ మీట కట్టేశాడు. సిలిండర్‌ను గోడ దగ్గరికి జరిపి, దాని మీద కూర్చున్నాడు.

"ఏంది నీ ఏషాలు? లెవ్!"

"వినపడ్త లేదు," అన్నాడు లింగం.

"నలబై మంది తినాలె మాపటికి! లేస్తవా లేవవా?"

"నాకు వినపడదే. ఎంత ఒర్రినా నీ గొంతే పోతది. పోయి పండుకో."

ఆమె అరిచింది, ఏడ్చింది, చెయ్యి పట్టి గుంజింది. మోకాళ్లు పోయినా లింగం బరువైన మనిషి. ఆఖరికి ఆమె లోపలికి పోయి చాప మీద పడిపోయింది. సాయంత్రం దాకా లేవలేదు.

ఆ రాత్రి ముగ్గురూ కూర్చుని ఒక పద్ధతి అనుకున్నారు. వంట పొద్దున ఒక్కటే. రాత్రికి తినాల్సిన రొట్టెలు, పచ్చడి కూడా మధ్యాహ్నం డబ్బాతోనే ఇచ్చేయాలి. జ్వరమొచ్చిన వాళ్లకు జావ పొద్దునే కాసి లింగం తీసుకుపోతాడు. పొద్దు వాలాక పొయ్యి వెలిగించకూడదు, ఎవరడిగినా సరే. మనుషులు గొణిగారు. కొందరు కామ్‌రేజ్ వైపు పని చూసుకుని వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు అలవాటు పడ్డారు. కొమురవ్వకు రెండు రోజులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత కాస్త నిద్ర పట్టింది. గుండె దడ తగ్గింది. ఇట్లా కూడా బతకొచ్చా అనుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే లస్మయ్య వచ్చాడు.

లస్మయ్య మెస్‌లో ఎన్నో ఏళ్లుగా తింటున్న మనిషి. యాభై దాటింది. మాట తక్కువ. తిన్న పళ్లెం తనే కడిగి బోర్లించి పోయేవాడు. సెలవు నాడు వచ్చి లింగం పక్కన కూర్చుని వంకాయలు కోసిపెట్టేవాడు. పెళ్లాం పోశమ్మ ఊళ్లో బీడీలు చుట్టేది. అతని గదిలోని వాళ్లంతా మళ్లీ లాక్‌డౌన్ పెడతారేమోనన్న భయంతో ఊరికి పోయారు, లస్మయ్య ఒక్కడే మిగిలాడు.

పొద్దు గూకుతోంది. లస్మయ్య మూతికి రుమాలు కట్టుకుని వసారాకు ఎడంగా, గల్లీలోనే నిలబడ్డాడు. అతని వెనక ఇంకో ఇద్దరు మనుషులు ఏమైనా దొరుకుతుందేమోనని చూస్తున్నారు.

"జొరమొచ్చింది అక్కా. రొట్టె మింగుడు పడ్త లేదు. జర గంజి కాసిస్తవా?"

కొమురవ్వ పొయ్యి వైపు చూసింది. లింగం ఎప్పటిలా సిలిండర్ మీదే కూర్చుని ఉన్నాడు, వచ్చిన మనిషి ఏమన్నాడో అతనికి తెలియదు. సైగ చేస్తే లేచేవాడే. గుప్పెడు నూకలు వేసి కాస్తే ఎంతసేపు? కానీ వెనక ఉన్న ఇద్దరినీ చూసింది. ఇవాళ ఇతనికి వెలిగిస్తే వాళ్లకూ వెలిగించాలి, రేపు అందరికీ వెలిగించాలి. ఆ దడ, ఆ చెమట, గల్లీ మరిచిపోయి కూర్చున్న ఆ ఎండ, అన్నీ గుర్తొచ్చాయి.

"పొయ్యి బందు చేసినం లస్మయ్యా," అంది. "పొద్దుగాల్నే కాసి పంపిస్త. మీ బావ తెస్తడు."

లస్మయ్య తలూపాడు.

"గట్లనే తియ్యి అక్కా. పొద్దుగాల్నే తిందాం. నీ పానం గూడ మంచిగ లేదన్నరు. జర చూస్కో."

మెల్లగా గోడ పట్టుకుని పోయాడు. వెనక ఉన్న ఇద్దరూ పోయారు. కొమురవ్వ లోపలికెళ్లి పడుకుంది. నిద్ర కూడా పట్టింది.

తెల్లవారి లింగం జావ తీసుకుపోతే గదికి తాళం ఉంది. రాత్రి ఊపిరాడక గోడను కొడుతుంటే పక్క గది వాళ్లు విని, అంబులెన్సును పిలిచి సర్కారు దవాఖానాకు పంపారని ఇంటి ఓనరు సైగలు చేస్తూ చెప్పాడు. లింగం గిన్నె అట్లాగే తిరిగి తెచ్చాడు. జావ మీద మీగడ కట్టింది. కొమురవ్వ గిన్నె అందుకుని పొయ్యి పక్కన పెట్టింది.

దవాఖానాలోకి ఎవరినీ రానివ్వలేదు. గేటు బయట మనుషులు ఎండలో బారులు తీరి ఉన్నారు. కొన్నాళ్లకు దవాఖానా నుంచి రుచితకు ఫోన్ వచ్చింది. ఇంటివాళ్ల నంబరు ఏదని అడిగితే లస్మయ్య ఈ నంబరే చెప్పాడట. మనిషి పోయాడన్నారు. రుచిత ఊరికి ఫోన్ చేసి పోశమ్మకు చెప్పింది. అక్కడి నుంచి ఎవరూ రాలేని రోజులు. లింగం, ఇంకో ఇద్దరు వెళ్లి దహనాన్ని దూరం నుంచి చూసి వచ్చారు. లింగం వచ్చి స్నానం చేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అరచెయ్యి గోడ మీద పెట్టలేదు.

ఆ సాయంత్రం కొమురవ్వ పొయ్యి వెలిగించింది. లింగం అడ్డుపోలేదు. అడ్డుపోవడానికి అతనికీ మొహం చెల్లలేదు. పెద్ద గంజు నిండా గంజి కాసింది. అడిగినవాడికీ అడగనివాడికీ పోసింది. మర్నాడూ అంతే. మళ్లీ కోడి కూయకముందు లేవడం, ఊరు పడుకున్నాక పడుకోవడం. మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి.

"మమ్మీ, ఇట్ల చేస్తే ఆయన వాపస్ వస్తడా?" అని రుచిత ఏడ్చింది.

"నేను కూసుంటే మనిషి పోయిండు," అంది కొమురవ్వ.

ఆ వారం గడవకముందే అన్నం వారుస్తూ కళ్లు తిరిగి పడింది. గంజు ఒరిగి, కుడి పాదం మీద మరుగుతున్న గంజి పడింది. పాదం పైభాగమంతా చర్మం లేచిపోయింది. ఆమె చాలా రోజులు నేల మీద కాలు మోపలేదు. మెస్ మూతపడింది. మనుషులు అడాజన్ వైపు ఎవరో పంచుతున్న పొట్లాల కోసం నది దాటి పోయేవారని విని మూలిగింది. ఆమె చేయగలిగింది ఏమీ లేదు. పైకప్పు రేకులు చూస్తూ పడుకుంది. దుకాణం మూసి ఉంది కాబట్టి రుచిత ఇంట్లోనే ఉండి కట్టు మార్చేది. మాత్రలు నోట్లో వేసి, మింగేదాకా ఎదురుగా కూర్చునేది.

ఒకసారి కట్టు చూపించడానికి వెళ్లినప్పుడు కొమురవ్వ డాక్టరమ్మను అడిగింది, రుచిత హిందీలో చెప్పింది. ఆ రాత్రి గంజి ఇచ్చి ఉంటే బతికేవాడా అని. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఊపిరితిత్తులు పోయాక గంజి ఏం చేస్తుందంది. కొమురవ్వ సరేనంది. నమ్మింది కూడా. నమ్మినా, ఆ మాట లోపలికి దిగలేదు.

వానలు వచ్చాక మెస్ మళ్లీ తెరిచారు. ఈసారి ఇరవై మందికే. పొద్దున ఒక్క వంట. కాలు లాగితే ఎత్తు పీట మీద కూర్చుని కూర కలిపేది. గిన్నెలు తోమడానికి ఒకామెను పెట్టుకున్నారు. మధ్యాహ్నం పొయ్యి ఆర్పాక చాప మీద వాలేది. ఒంటికి అది మంచిదే, రక్తపోటు దిగింది, చేతుల వణుకు పోయింది. మనసుకు మాత్రం అదే కష్టమైన వేళ. ఇన్నేళ్లు ఆమె పని చేసి అలసిపోయింది కానీ, కూర్చుని ఏమీ తలచుకోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు వాలగానే లస్మయ్య గల్లీలో నిలబడేవాడు. గట్లనే తియ్యి అక్కా అనేవాడు. లేచి ఏదో ఒక పని చేద్దామనిపించేది. లేవకుండా అట్లాగే పడుకునేది. కొన్ని రోజులు లేచేది కూడా.

ఆ మరుసటి ఏడు చలి తగ్గాక పోశమ్మ సూరత్ వచ్చింది. ఊరి నుంచి పనికి వస్తున్న వాళ్ల వెంట వచ్చింది. ఓనరు దగ్గర లస్మయ్య పెట్టె ఉండిపోయింది, దాని కోసం. పెట్టెలో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, గడ్డం గీసుకునే సామాను ఉన్నాయి. వాటిని మూట కట్టుకుని మధ్యాహ్నం మెస్‌కు వచ్చింది. సన్నటి మనిషి, బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి వేళ్లు గట్టిపడ్డాయి. కొమురవ్వ అన్నం పెట్టింది. పోశమ్మ తిన్నది, పళ్లెం తనే కడిగి బోర్లించింది. అది చూసి కొమురవ్వ ఇక ఆగలేకపోయింది.

"పోశమ్మా, నీకొక మాట చెప్పాలె."

చెప్పింది. లస్మయ్య గంజి అడగడం, తాను కాదనడం, అతను ఏమన్నాడు, ఎట్లా పోయాడు, అన్నీ దాచకుండా చెప్పింది. పోశమ్మ మూట మీద చెయ్యి వేసుకుని విన్నది.

"ఇస్తే బతుకుతుండెనా?" అని అడిగింది.

"డాక్టరమ్మ బతకడన్నది."

"నువ్వేమంటవ్?"

"నాకేం తెలుసమ్మా. ఆ రాత్రి పొట్టల జర వేడిగ పడుతుండె. గంతే."

పోశమ్మ తలూపింది. కళ్లు తుడుచుకోలేదు, అవి పొడిగానే ఉన్నాయి.

"ఆ రాత్రి నాకు ఫోన్ చేసిండు," అంది. "మూడు సార్లు చేసిండు. పొద్దంత బీడీలు చుట్టి మెడ గుంజితే గోలి ఏసుకొని పండుకున్న. పొద్దుగాల చూసిన. నేను చేస్తే ఎత్తలేదు." మూట దగ్గరికి లాక్కుని, "ఇప్పుడు ఫోన్ పక్కల పెట్టుకొనే పండుకుంట. మెడ నొయ్యక ఊకుంటదా? గోలి ఏసుకోక తప్పదు. ఏస్కున్న దినం భయమైతది," అంది.

కొమురవ్వ చాప పరిచింది. పోశమ్మ మూట తల కింద పెట్టుకుని పక్కనే పడుకుంది. గోడ అవతల మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. పోశమ్మకు నిద్ర పట్టింది. కొమురవ్వకు పట్టలేదు.

సాయంత్రం లింగం పోశమ్మను ఉధ్నా స్టేషన్‌కు తీసుకుపోయాడు. పోయేటప్పుడు పోశమ్మ కొమురవ్వ చెయ్యి పట్టుకుంది, క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. "కాలు మంచిగ చూస్కో అక్కా," అని మాత్రం అంది.

వాళ్లు పోయిన కాసేపటికి వసారా ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. కొత్తగా ఊరి నుంచి వచ్చినవాడు, చేతిలో సంచి ఇంకా అట్లాగే ఉంది.

"అన్నమున్నదా అవ్వా?"

"లేదు బిడ్డ. రాత్రి వండం. గల్లీ చివర్ల కొత్తగ ఇంకో మెస్సు పడ్డది, ఆడ దొరుకుతది. పొద్దుగాల రా, పెడత."

అతను తిరగబోయాడు. కొమురవ్వ లేచి వసారా అంచు దాకా వచ్చింది.

"పానం మంచిగున్నదా? జొరం గిట్ల లేదు గద?"

"మంచిగనే ఉన్న అవ్వా. ఆకలే."

అతను గల్లీ చివరిదాకా నడిచి, ఆ మెస్ వెలుతురులోకి తిరిగేదాకా కొమురవ్వ చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికొచ్చి మాత్ర వేసుకుని పడుకుంది.